శిశువు తొలి తూకం

ఉద్దేశం

పుట్టిన తొలి దినాల్లో శిశువు బరువు కొంత తగ్గడం సహజమని, ఆ తగ్గుదలకు ఒక హద్దు ఉందని, ఆ హద్దును గుర్తించే జ్ఞానం ప్రతి ఇంటికీ అవసరమని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

ప్రక్రియ

ఈ పాఠం వ్యాసప్రక్రియకు చెందినది. ఒక విషయాన్ని గ్రహించి, దాని కారణాలను, ఫలితాలను క్రమపద్ధతిలో వివరించే రచన వ్యాసం. శాస్త్రవిషయానికి స్వానుభవాన్ని జోడించి రాసిన వ్యాసం ఇది.

పాఠ్యభాగం

మన ప్రాచీన కావ్యాల్లో పుత్రోదయ వర్ణన ఒక సంప్రదాయం. గర్భిణి చెక్కిళ్ళు పాలిపోవడం, ఆమెకు మన్ను రుచించడం మొదలుకొని శుభలగ్నంలో శిశువు ఉదయించడం, జాతకర్మ జరగడం వరకు కవులు విపులంగా వర్ణించారు. ఆపైన ఒక్క మాటతో ముగించారు: బిడ్డ శుక్లపక్ష చంద్రునివలె దినదిన ప్రవర్ధమానుడయ్యాడని. ఆ కావ్యాలపై పరిశోధన చేసిన నేను ఆ మాటను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. అది కవిసమయం. నిజమైన శిశువు పుట్టిన మరునాటినుంచే పెరగదు. తొలి మూడు నాలుగు దినాలు బరువు తగ్గుతుంది. ఆ తరువాతనే దాని శుక్లపక్షం మొదలవుతుంది. ఈ చిన్న సత్యం తెలియకపోవడంవల్ల ఒక ఇంట ఏం జరిగిందో, తెలిసినందువల్ల అదే ఇంట ఏం జరిగిందో చెప్పడానికే ఈ వ్యాసం.

బరువెంత?

ప్రసవమయిందన్న వార్త రాగానే మన ఇళ్ళలో వినిపించే ప్రశ్నలు రెండు. ఆడపిల్లా, మగపిల్లవాడా అన్నది మొదటిది. బరువెంత అన్నది రెండవది. రెండున్నర కిలోలకు తక్కువైతే తక్కువ బరువుతో పుట్టిన శిశువుగా పరిగణించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించింది. అందువల్ల ఆ ప్రశ్న అర్థవంతమైనదే. కాని తొలిరోజు తూకం ఒక ఆరంభ బిందువు మాత్రమే. దానిని ఒక ప్రతిజ్ఞగా భావించి, మరునాడు ఆ అంకె తగ్గితే ఏదో అపరాధం జరిగిందని బెంబేలెత్తడంలోనే చిక్కంతా ఉంది.

1997వ సంవత్సరంలో నాకు ప్రథమ సంతానం కలిగింది. ఆడపిల్ల. తెనాలి సమీపంలోని మా పుట్టింటి ఊరికి దగ్గరలో ఒక చిన్న ఆసుపత్రిలో సుఖప్రసవమయింది. బిడ్డ బరువు 3 కిలోలు. మూడవ రోజున ఇంటికి పంపేముందు తూచితే 2 కిలోల 800 గ్రాములు. తగ్గిన 200 గ్రాములు ఏమయ్యాయని మేము అడగలేదు, వారు చెప్పలేదు.

నాలుగవ రోజున మనవరాలిని చూడడానికి మా అత్తగారు వచ్చారు. బిడ్డను ఒడిలోకి తీసుకొని, తూకం చీటీ చూసి, మా అమ్మతో, "అమ్మాయికి పాలు చాలడం లేదు వదినగారూ, పిల్ల చిక్కిపోయింది" అన్నారు. ఆ మాటలో ద్వేషం లేదు. మనవరాలిపై ప్రేమే ఉంది. మా అమ్మ మారుమాట చెప్పలేక దిష్టి తీసింది. సాయంత్రానికి మావారు తెనాలి వెళ్ళి పాలపిండి డబ్బా, సీసా తెచ్చారు. ఆ డబ్బామీద తల్లిపాలే బిడ్డకు శ్రేష్ఠమన్న ప్రకటన అచ్చువేసి ఉంది. 1992లో భారత పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం తల్లిపాలకు బదులుగా అమ్మే ప్రతి డబ్బామీదా ఆ ప్రకటన ఉండి తీరాలి. అప్పుడు నేను తాళపత్ర ప్రతుల్లోని అక్షరాలను కూడబలుక్కొని చదువుతున్న పరిశోధక విద్యార్థినిని. ఆ ఒక్క పంక్తిని మాత్రం చదవలేదు.

బిడ్డ సీసాకు అలవాటుపడింది. సీసాపాలతో కడుపు నిండిన బిడ్డ రొమ్ము పట్టడం తగ్గించింది. బిడ్డ తాగని కొద్దీ నా పాలు తగ్గాయి. నెల తిరిగేసరికి పూర్తిగా ఇంకిపోయాయి. రెండవ నెలలో బిడ్డకు విరేచనాలు పట్టుకొని నాలుగు రోజులు ఆసుపత్రిలో సెలైను ఎక్కించవలసి వచ్చింది. బిడ్డ కోలుకొన్నది. కాని నేను పాలు చాలని తల్లినన్న మాట నాలో ఉండిపోయింది. రెండవ కాన్పులో పాలిచ్చే ప్రయత్నమైనా గట్టిగా చేయలేదు. ఒక తూకం చీటీని తప్పుగా చదివిన ఫలితం అది.

తగ్గిన బరువు ఎక్కడికి పోయింది?

జన్మానంతరం శిశువు బరువు తగ్గడానికి ప్రధాన కారణాలు నాలుగు.

మొదటిది నీరు. నెలలు నిండి పుట్టిన శిశువు శరీర భారంలో ఇంచుమించు నాల్గింట మూడువంతులు నీరే. తల్లి గర్భంలోని జలమయ జీవితానికి అనువుగా శిశువు దేహంలో కణాల వెలుపల అదనపు నీరు నిలువ ఉంటుంది. వెలుపలి ప్రపంచంలోకి వచ్చిన తరువాత ఆ నీటితో అవసరం తీరిపోతుంది. మూత్రపిండాలు దానిని క్రమంగా విసర్జిస్తాయి. కొంత నీరు శ్వాసతోను, చర్మం ద్వారాను ఆవిరైపోతుంది. తగ్గిన బరువులో అధికభాగం ఈ నీటిదే.

రెండవది మలం. గర్భస్థ శిశువు పేగుల్లో నల్లని, జిగటైన మలం నిలువ ఉంటుంది. సాధారణంగా తొలి 24 గంటల్లో ఆరంభమై రెండు మూడు దినాల్లో అది వెలుపలికి పోతుంది.

మూడవది ఆహార పరిమాణం. తొలి దినాన శిశువు ఒక్కొక్క తడవకు తాగే ముర్రుపాలు అత్యల్పం. సుమారు 2 నుంచి 10 మిల్లీలీటర్లు, అంటే రెండు చిన్న చెంచాలకు మించదు. రెండవ దినాన 5 నుంచి 15, మూడవ దినాన 15 నుంచి 30 మిల్లీలీటర్ల వరకు పెరుగుతుంది. రాబడి తక్కువ, వ్యయం ఎక్కువ అయిన ఆ రెండు మూడు దినాల్లో శిశువు తన కాలేయంలోను, కొవ్వులోను దాచుకొన్న శక్తిని వాడుకొంటుంది. ప్రకృతి బిడ్డను దారిబత్తెంతోనే పంపుతుంది.

నాల్గవది ఆసుపత్రి ప్రసవాలకు సంబంధించినది. ప్రసవ సమయంలో తల్లికి సెలైను అధికంగా ఎక్కించినప్పుడు ఆ నీటిలో కొంత శిశువుకూ చేరుతుంది. అప్పుడు పుట్టిన తూకమే కొంచెం ఎక్కువగా కనిపిస్తుంది. తొలి దినాన ఆ నీరు మూత్రంగా పోతే, తగ్గుదల కూడా ఎక్కువగా కనిపిస్తుంది. అక్కడ తగ్గినది బిడ్డ సత్తువ కాదు. అరువు వచ్చిన నీరు.

ఈ విషయం కొత్తగా కనుగొన్నదేమీ కాదు. బెల్జియం దేశీయుడైన క్వెటలే అనే గణితవేత్త 1835లో ప్రచురించిన తన గ్రంథంలో, శిశువు బరువు పుట్టిన తరువాత సుమారు మూడవ దినం వరకు తగ్గుతుందని, తొలివారం గడిచాకనే స్పష్టంగా పెరగసాగుతుందని రాశాడు. దాదాపు రెండు శతాబ్దాలుగా గ్రంథాల్లో ఉన్న విషయం 1997లో మా ఇంటికి చేరలేదు.

శాతం లెక్క

గ్రాముల్లో ఎంత తగ్గిందన్నది చాలదు. పుట్టిన బరువులో ఎన్నో వంతు తగ్గిందో చూడాలి. పుట్టిన బరువులోనుంచి నేటి బరువును తీసివేసి, వచ్చినదానిని పుట్టిన బరువుతో భాగించి, 100తో హెచ్చవేస్తే తగ్గుదల శాతం వస్తుంది. 3 కిలోల బిడ్డ 200 గ్రాములు తగ్గితే 6.7 శాతం. రెండు కిలోల బిడ్డ అదే 200 గ్రాములు తగ్గితే 10 శాతం. ఒకే అంకె ఒక బిడ్డకు సామాన్యం, మరొక బిడ్డకు హెచ్చరిక.

నెలలు నిండి పుట్టి, తల్లిపాలే తాగుతున్న శిశువుల్లో తగ్గుదల సాధారణంగా 5 నుంచి 7 శాతం వరకు ఉంటుంది. రెండవ దినం నుంచి నాల్గవ దినం లోపల బరువు కనిష్ఠస్థాయికి చేరి, ఆ తరువాత పెరగడం మొదలవుతుంది. పది నుంచి పద్నాలుగు దినాల్లో శిశువు మళ్ళీ పుట్టిన బరువుకు చేరుతుంది. అటుపిమ్మట తొలి మూడు నెలల్లో రోజుకు సుమారు 20 నుంచి 30 గ్రాముల చొప్పున పెరుగుతుంది. ఏడాది నిండేసరికి పుట్టిన బరువుకు సుమారు మూడింతలవుతుంది. మన ఇళ్ళలో పది దినాల పురుడు ముగిసి, పదకొండవ నాడు స్నానం చేయించే సమయానికి చాలామంది పిల్లలు పుట్టిన బరువుకు చేరువలో ఉంటారు. ఆ లెక్కను జ్ఞాపకం పెట్టుకోవడం మనకు తేలిక.

శస్త్రచికిత్సతో పుట్టిన పిల్లల్లో తగ్గుదల ఇంకొంచెం ఎక్కువ. అమెరికాలోని ఉత్తర కాలిఫోర్నియాలో తల్లిపాలే తాగిన లక్షమందికి పైగా శిశువుల తూకాలను పరిశీలించిన ఒక అధ్యయనం 2015లో వెలువడింది. సహజ ప్రసవంలో పుట్టినవారిలో సుమారు 5 శాతం మంది, శస్త్రచికిత్సతో పుట్టినవారిలో 10 శాతానికి పైగా మంది, 48 గంటలకే పదోవంతు బరువు తగ్గారని అందులో తేలింది. 72 గంటలకు శస్త్రచికిత్సతో పుట్టినవారిలో నాల్గోవంతు కంటే ఎక్కువమంది ఆ స్థితికి చేరారు. కాబట్టి 10 శాతం అన్నది అపాయానికి మారుపేరు కాదు. ఆగి, వైద్యుడు పరీక్షించి తీరవలసిన మైలురాయి.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు, రెండున్నర కిలోలకు తక్కువైన పిల్లలకు ఈ లెక్కలు యథాతథంగా వర్తించవు. వారి సంరక్షణ వైద్యుల కనుసన్నల్లోనే జరగాలి.

ముర్రుపాలు, ఉగ్గుగిన్నె

తొలి దినాల్లో వచ్చే ముర్రుపాలు పసుపురంగులో చిక్కగా ఉంటాయి. కొద్దిగా ఉండడమే వాటి స్వభావం. రోగాలను ఎదిరించే రక్షక పదార్థాలు, ఏ విటమిను వాటిలో సమృద్ధిగా ఉంటాయి. పేగుల్లోని నల్లని మలం త్వరగా బయటికి పోవడానికి అవి తోడ్పడతాయి. పూర్వం కొన్ని ఇళ్ళలో వీటిని చెడిపాలని భావించి పిండి పారబోసేవారు. ప్రసవమైన గంటలోపల బిడ్డను రొమ్ముకు పట్టించాలని, ఆరు నెలల వరకు మంచినీళ్ళు కూడా అవసరం లేకుండా తల్లిపాలే ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ చెబుతున్నాయి. ఏటా ఆగస్టు 1 నుంచి 7 వరకు జరిగే తల్లిపాల వారోత్సవాలు 1992లో ఆరంభమయ్యాయి.

ప్రసవానంతరం మాయ వెలువడగానే తల్లి శరీరంలో ఒక రసాయనిక మార్పు మొదలవుతుంది. రెండవ దినం నుంచి నాల్గవ దినం లోపల పాలు సమృద్ధిగా దిగుతాయి. శస్త్రచికిత్స జరిగినవారికి కొంత ఆలస్యం కావచ్చు. బిడ్డ చప్పరించిన కొద్దీ ప్రొలాక్టిన్ అనే హార్మోను ఉత్పన్నమై పాలను పెంచుతుంది. బావిలో నీరు తోడిన కొద్దీ ఊరినట్లు రొమ్ములో పాలు తాగిన కొద్దీ ఊరుతాయి. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు పర్యాయాలు పాలు పట్టాలి. అడగందే అమ్మైనా పెట్టదని సామెత. నవజాత శిశువు విషయంలో ఈ సామెతను సవరించుకోవాలి. పెదవులు చప్పరించడం, చేయి నోటికి తీసుకోవడం, తలను అటూ ఇటూ తిప్పడం శిశువు అడిగే పద్ధతులు. ఏడుపు ఆఖరి విన్నపం. కొందరు పిల్లలు ఆ విన్నపమైనా చేయకుండా నిద్రపోతారు. అటువంటివారిని లేపి పట్టవలసిందే.

బరువు తగ్గిందన్న భయంతో తేనె, పంచదార నీళ్ళు, గాడిదపాలు, ఆముదం కలిపిన ఉగ్గు వంటివి పట్టే అలవాటు మన ప్రాంతంలో ఉంది. ఉగ్గుపాలతో అబ్బిన విద్య అన్న పలుకుబడి మన భాషకు ఆభరణమే. కాని ఆ ఉగ్గు నవజాత శిశువుకు ఆహారం కాదు. అది కడుపు నింపి, బిడ్డ పాలు తాగే తడవలను తగ్గిస్తుంది. అపరిశుభ్రత వల్ల రోగాలను తెస్తుంది. తేనెలో ఉండగల ఒక సూక్ష్మజీవి వల్ల బొట్యులిజం అనే ప్రమాదకరమైన వ్యాధి రావచ్చు. అందువల్ల ఏడాది నిండనివారికి తేనె పనికిరాదు. ఉగ్గు పోయినా ఉగ్గుగిన్నె మాత్రం పోనవసరం లేదు. రొమ్ము పట్టలేని బలహీన శిశువుకు పిండిన తల్లిపాలను పట్టడానికి సరిగా అటువంటి ముక్కుగిన్నెనే నేటి ఆసుపత్రుల్లో వాడుతున్నారు.

రెండవ తూకం

2023లో ఆనాటి ఆ బిడ్డే తల్లి అయింది. ఈసారి ప్రభుత్వ ఆసుపత్రిలో శస్త్రచికిత్స జరిగింది. మగపిల్లవాడు. బరువు 2 కిలోల 900 గ్రాములు. మూడవ రోజున తూచితే 2 కిలోల 660 గ్రాములు. తగ్గినది 240 గ్రాములు. 1997లో నా బిడ్డ తగ్గినదానికంటె ఎక్కువ. చీటీ చూడగానే నా చేతులు చల్లబడ్డాయి. "పాలు చాలడం లేదేమోనమ్మా, డబ్బా తెప్పించమంటావా?" అన్న మాట నా నోటనే వచ్చింది. ఇరవైయారేళ్ళనాడు నన్ను నొప్పించిన మాటను నా కూతురికి నేనే అప్పగించబోయాను.

అక్కడ ఉన్న పెద్ద వయసు నర్సు ఆ మాట విన్నది. చీటీ వెనుక లెక్కవేసి 8.3 శాతమని చూపింది. "పోయింది నీళ్ళ బరువమ్మా, పాల బరువు ఇక రావాలి" అన్నది. అంతటితో ఊరుకోలేదు. మా అమ్మాయిని నాలుగు ప్రశ్నలు అడిగింది. నిన్నటినుంచి ఎన్నిసార్లు పాలు పట్టావు? ఎన్ని గుడ్డలు తడిశాయి? మలం ఏ రంగులో ఉంది? బిడ్డ తనంతట మేల్కొంటున్నాడా? జవాబులు విని, ఒకసారి తన ఎదుట పాలు పట్టించమన్నది. బిడ్డ చనుమొనను మాత్రమే అందుకొంటున్నాడని గమనించి, చుట్టూ ఉన్న నల్లని వలయంలో అధికభాగం నోట్లోకి వెళ్ళేటట్లు బిడ్డను ఎత్తి పట్టుకోవడం నేర్పింది. కాసేపటికి బిడ్డ గుటక వేసే చప్పుడు వినిపించింది. ఆ చప్పుడును నేను నా బిడ్డ విషయంలో ఎన్నడూ చెవిపెట్టి వినలేదు.

మరునాటి రాత్రికి పాలు దిగాయి. ఏడవ రోజున ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి, జోలె కాటాలో తూచితే 2 కిలోల 750 గ్రాములు. పద్నాలుగవ రోజున 2 కిలోల 950 గ్రాములు. ఆ రోజు మా అమ్మాయి, "అమ్మా, నేను ఎంత తగ్గాను?" అని అడిగింది. కాగితం తీసుకొని లెక్కవేశాను. 6.7 శాతం. సహజమైన హద్దులోనే ఉంది. నాకు పాలు చాలకపోవడం కాదు. ఎదురుచూడవలసిన రెండు రోజులు మేము ఎదురుచూడలేదు. నేర్పేవారు లేక నేను నేర్చుకోలేదు.

హద్దు దాటినప్పుడు

ఇంతవరకు చదివి, బరువు తగ్గితే తగ్గనీ అని నిశ్చింతగా ఉండవచ్చునని ఎవరూ భావించరాదు. మా వీధిలోనే ఒక ఇంట 3 కిలోల 100 గ్రాములతో ఒక శిశువు పుట్టింది. ఏడవదు, మారాం చేయదు, ఎప్పుడూ నిద్రే. చాలా బుద్ధిమంతుడని అందరూ మురిసిపోయారు. ఐదవ రోజున ఒళ్ళు వేడిగా ఉందని ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. బరువు 2 కిలోల 700 గ్రాములు. అంటే 12.9 శాతం తగ్గుదల. పాలు చాలక దేహంలో నీరు తగ్గి, రక్తంలో సోడియం పెరిగింది, పచ్చకామెర్లు ముదిరాయి. సకాలంలో చికిత్స జరిగింది గనుక బిడ్డ దక్కాడు. చికిత్సతోపాటు తల్లిచేత పాలు పిండించి గిన్నెతో పట్టించారు. పది రోజుల్లో ఆ బిడ్డ రొమ్మే పట్టసాగాడు.

ఈ బిడ్డ మౌనాన్ని బుద్ధి అనుకోవడం, నా బిడ్డ తూకాన్ని కొరత అనుకోవడం రెండూ ఒకే అజ్ఞానానికి రెండు ముఖాలు. కాబట్టి తూకంతోపాటు కింది లక్షణాలను గమనించాలి.

1. మూత్రం: తొలి దినాన కనీసం ఒకసారి, రెండవ దినాన రెండుసార్లు, మూడవ దినాన మూడుసార్లు, ఐదారు దినాలనుంచి రోజుకు ఆరు గుడ్డలకు తక్కువ కాకుండా తడవాలి. నాల్గవ దినం తరువాత కూడా మూత్రం ఇటుకరంగులో కనిపిస్తే వైద్యునికి చూపాలి.

2. మలం: నల్లని రంగు క్రమంగా ఆకుపచ్చగా మారి, నాలుగైదు దినాలకు పసుపురంగుకు రావాలి. ఐదవ దినానికీ నల్లగానే ఉంటే పాలు అందడం లేదని అనుమానించాలి.

3. చురుకుదనం: లేపినా లేవకపోవడం, పాలు తాగలేకపోవడం, నోరు ఎండిపోవడం, నడినెత్తిన మెత్తని భాగం లోతుకు పోవడం, ఒళ్ళు కాలడం లేదా చల్లబడడం, అరచేతులు, అరికాళ్ళ వరకు పచ్చబడడం అపాయ సూచనలు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తూకంతో నిమిత్తం లేకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

4. తూకం: పదోవంతు తగ్గినా, ఐదవ దినం తరువాత కూడా తగ్గుతూనే ఉన్నా, రెండు వారాలకు పుట్టిన బరువుకు చేరకపోయినా వైద్యుని సలహా తప్పనిసరి.

అటువంటి స్థితిలో వైద్యుడు పిండిన పాలుగాని, దాతల పాలుగాని, అవసరమైతే డబ్బాపాలుగాని కొలత ప్రకారం పట్టమనవచ్చు. అది చికిత్స, తల్లికి అవమానం కాదు. భయంతో తెచ్చిన డబ్బాకు, పరీక్షించి చెప్పిన డబ్బాకు భేదం ఉంది.

తూచే చేతులు

తూకం నమ్మదగినదై ఉండాలంటే ఒకే కాటామీద, బట్టలు లేకుండా, కాటా సున్నా వద్ద ఉన్నదని చూసుకొని తూచాలి. ఒక చోట దుప్పటితోను, మరొక చోట దుప్పటి లేకుండాను తూచి, బరువు తగ్గిందని బాధపడినవారు ఉన్నారు.

పల్లెల్లో ఈ పని ఎవరు చేస్తారన్న ప్రశ్నకు మన పొరుగునే ఒక జవాబు దొరికింది. తెలంగాణకు ప్రాణహిత నది ఆవల ఉన్న మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో వైద్య దంపతులు అభయ్ బంగ్, రాణీ బంగ్ గ్రామీణ మహిళలకు శిక్షణ ఇచ్చి, ఇంటింటికీ వెళ్ళి నవజాత శిశువులను సంరక్షించే పద్ధతిని రూపొందించారు. ఆ గ్రామాల్లో నవజాత శిశు మరణాలు 60 శాతానికి పైగా తగ్గినట్లు 1999లో లాన్సెట్ వైద్యపత్రికలో ప్రచురించారు. ఆ బాటలోనే 2011లో భారత ప్రభుత్వం గృహ ఆధారిత నవజాత శిశు సంరక్షణ కార్యక్రమాన్ని చేపట్టింది. ఆసుపత్రిలో ప్రసవమైన ఇళ్ళకు ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ దినాల్లో వెళ్ళి బిడ్డను చూడాలన్నది అందులోని నియమం. ఇంటి వద్దనే ప్రసవమైతే తొలి దినాన కూడా వెళ్ళాలి. ఆమె తెచ్చే కాటా చిన్నదే. అది మా ఇంట 1997లో ఉండి ఉంటే ఒక తల్లి అపరాధభావం ఇంతకాలం నిలిచేది కాదు.

విద్యార్థులారా! అక్క పురిటికి వచ్చిన ఇల్లు మీలో చాలామందికి పరిచితమే. పురిటి గదిలోకి మీ వంటి చిన్నవారిని రానీయకపోవచ్చు. కాని తూకం చీటీ మీ చేతికి వస్తుంది. శాతం లెక్క మీకు వచ్చు. పెద్దలు కలతపడిన వేళ ఆ లెక్కవేసి, తడిసిన గుడ్డలు ఎన్నని మర్యాదగా అడగగలిగితే, మీ చదువు ఆ తల్లిబిడ్డలకు అక్కరకు వచ్చినట్లే. చంద్రుడు పెరుగుతాడని కవులు చెప్పారు. పెరగడానికి ముందు కొద్దిగా తగ్గుతాడని, ఆ తగ్గుదలను కనిపెట్టి చూడవలసిన బాధ్యత ఇంటివారందరిదీ అని మనం చేర్చుకొందాం.

కఠిన పదాలకు అర్థాలు

ప్రవర్ధమానుడు : వృద్ధి చెందుతున్నవాడు
కవిసమయం : కవులు సంప్రదాయంగా పాటించే కల్పన
బెంబేలెత్తు : కంగారుపడు
దారిబత్తెం : ప్రయాణంలో తినడానికి వెంట తీసుకువెళ్ళే ఆహారం
కనిష్ఠస్థాయి : అన్నింటికంటె తక్కువ మట్టం
ముర్రుపాలు : ప్రసవమైన తొలి దినాల్లో వచ్చే చిక్కని పాలు
ఉగ్గుగిన్నె : పసిబిడ్డకు పాలు పట్టే ముక్కు గల చిన్న గిన్నె
పురుడు : ప్రసవం, ప్రసవానంతరం పాటించే పది దినాల మైల

అభ్యాసం

*I. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.*
1. అమ్మాయికి పాలు చాలడం లేదు వదినగారూ.
2. పోయింది నీళ్ళ బరువమ్మా, పాల బరువు ఇక రావాలి.
3. భయంతో తెచ్చిన డబ్బాకు, పరీక్షించి చెప్పిన డబ్బాకు భేదం ఉంది.

*II. వ్యాసరూప సమాధానాలు రాయండి.*
1. జన్మానంతరం శిశువు బరువు తగ్గడానికి గల కారణాలను వివరించండి.
2. 1997, 2023 సంవత్సరాల్లో రచయిత్రి పొందిన అనుభవాలను పోల్చి, వాటినుంచి ఆమె గ్రహించిన సత్యాన్ని తెలపండి.

*III. సంగ్రహ సమాధానాలు రాయండి.*
1. శిశువుకు పాలు అందుతున్నాయని తెలిపే లక్షణాలు ఏవి?
2. "బుద్ధిమంతుడు" అన్న ప్రశంస అపాయకరంగా పరిణమించిన తీరును తెలపండి.
3. పుట్టినప్పుడు 2 కిలోల 500 గ్రాములున్న శిశువు మూడవ దినాన 2 కిలోల 300 గ్రాములుంటే తగ్గుదల ఎంత శాతం? ఆ ఇంటివారికి మీరు ఏం చెబుతారు?

*IV. వ్యాకరణాంశాలు*

సంధులు :
బరువెంత = బరువు + ఎంత : ఉకార సంధి
జన్మానంతరం = జన్మ + అనంతరం : సవర్ణదీర్ఘ సంధి
పుత్రోదయం = పుత్ర + ఉదయం : గుణసంధి
అత్యల్పం = అతి + అల్పం : యణాదేశ సంధి

సమాసాలు :
తల్లిబిడ్డలు : తల్లియు, బిడ్డయు : ద్వంద్వ సమాసం
ప్రథమ సంతానం : ప్రథమమైన సంతానం : విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
పది దినాలు : పది సంఖ్య గల దినాలు : ద్విగు సమాసం
శిశు మరణాలు : శిశువుల యొక్క మరణాలు : షష్ఠీ తత్పురుష సమాసం